ఉప్పు గాలిలో ఇనుప కుర్చీ: చెన్నై మిద్దెల మీద, బాల్కనీల్లో ఇనుప ఫర్నిచర్ సంరక్షణ

తిరువాన్మియూర్‌లోని మా ఇంట్లో ఒకే రోజున, ఒకే వర్క్‌షాపులో చేయించిన నాలుగు ఇనుప కుర్చీలు ఉన్నాయి. రెండింటిని మిద్దె మీద ఆరుబయట వేశాం. మిగిలిన రెండింటిని, వానకు తడవకుండా పదికాలాలు ఉంటాయన్న ముందుచూపుతో, బాల్కనీలో సజ్జ కింద వేశాం. రెండేళ్ళు తిరిగేసరికి ముందుగా తుప్పు పట్టినవి సజ్జ కింద భద్రంగా ఉన్నవే. పైనుంచి చూస్తే వాటికి ఏ లోపమూ కనిపించలేదు. తిరగేసి చూస్తే మాత్రం, కూర్చునే పలక అడుగున, తీగలా వంచిన కమ్మీలు ఒకదానికొకటి అతుక్కున్న చోట, రంగు ఆవగింజలంత పొక్కులుగా లేచి ఉంది. గోటితో నొక్కగానే పొక్కు చిట్లి, లోపలి నుంచి ఎర్రటి నుసి రాలింది.

వింతగా తోచినా, దీనికి కారణం స్పష్టమైనదే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు, వానలో తడిసే కుర్చీ మీదా, తడవని కుర్చీ మీదా ఒకే విధంగా పేరుకుంటుంది. ఆరుబయట ఉన్నదాన్ని వాన కడుగుతుంది. సజ్జ కింద ఉన్నదాన్ని కడిగేవారు లేరు. వంటింటి ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే, ఆ తేమను లాక్కుని తనంతట తానే కరిగి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే ఎంతో తక్కువ తేమలోనే ఆ పని చేస్తుంది. చెన్నైలో తెల్లవారుజామున గాలిలో తేమ 75 శాతం దాటడం మామూలు విషయం కాబట్టి, చుక్క వాన పడని నెలల్లో కూడా మన కుర్చీ దాదాపు ప్రతి రాత్రీ కంటికి కనిపించని పలుచని ఉప్పునీటి పొరలో తడుస్తూనే ఉంటుంది. పైగా ఉప్పులోని క్లోరైడు అనే భాగం, తుప్పు పట్టించే పనిలో తాను ఖర్చయిపోదు. తుప్పు పొర అడుగున గుంటల్లో దాక్కుని మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో చెప్పబోయే పనులన్నింటి లక్ష్యం ఒక్కటే: ఇనుము మీద ఉప్పును నిలవనీయకపోవడం. రంగు, దాని కింద వేసే ప్రైమర్ పూత, మైనం అన్నీ దాని తర్వాతివే.

మొదట, అది ఏ ఇనుమో తెలుసుకోండి

దుకాణంలో "రాట్ ఐరన్" అని అమ్మేది నిజానికి చేత ఇనుము కాదు. కర్బనం పాళ్ళు అతి తక్కువగా ఉండి, నారలాంటి నిర్మాణంతో, కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టడానికి లొంగే అసలైన చేత ఇనుమును పెద్ద ఎత్తున తయారు చేయడం 1970లలోనే ఆగిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేదంతా మైల్డ్ స్టీలు కమ్మీలను, పట్టీలను, గొట్టాలను వంచి వెల్డింగ్ చేసినదే. ఢిల్లీలోని ఇనుప స్తంభం 1,600 ఏళ్ళుగా చెక్కుచెదరలేదు కదా అని మా బంధువొకరు అంటుంటారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం వల్ల దాని మీద ఒక రక్షణ పొర ఏర్పడింది, ఢిల్లీ పొడి వాతావరణమూ దానికి కలిసివచ్చింది. మన కుర్చీకి ఆ రెండు అదృష్టాలూ లేవు. చేత ఇనుముతోనే కట్టి 1889లో పూర్తి చేసిన ఈఫిల్ టవర్‌కు సైతం సుమారు ఏడేళ్ళకొకసారి రంగు వేస్తూనే ఉన్నారు.

ఇంట్లో చేయదగిన పరీక్షలు రెండున్నాయి. అయస్కాంతం అంటుకోకపోతే అది పోత అల్యూమినియం కావచ్చు. దానికి తుప్పు బెడద లేదు కాబట్టి సబ్బునీళ్ళతో కడిగితే చాలు. అంటుకుంటే, గరిటె కాడతో మెల్లగా తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే లోపల ఖాళీగా ఉన్న గొట్టం, ఖంగుమంటే నిండు కమ్మీ. పాతకాలపు తోట బల్లలకు ద్రాక్షగుత్తులు, ఆకులు పోత పోసి ఉంటే అది పోత ఇనుము. అది పెళుసు కాబట్టి, వంకర తీయాలని సుత్తితో కొడితే పగులుతుంది. ఈ తేడా తెలియక ఒక చక్కని బెంచీ కాలును నేనే విరగ్గొట్టాను.

నెలకొకసారి తిరగేసి చూడండి

కుర్చీని తలకిందులు చేయకుండా చేసే పరిశీలన పరిశీలన కాదు. తుప్పు మొదలయ్యే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: వెల్డింగ్ అతుకుల చుట్టూ, పట్టీల పదునైన అంచుల మీద, రెండు కమ్మీలు ఆనుకున్న సందుల్లో, కాళ్ళ చివర. అంచుల మీదే ఎందుకంటే, తడి రంగు అంచు దగ్గర పక్కలకు లాక్కుపోయి అక్కడ పలుచబడుతుంది. పొక్కు కనిపిస్తే స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. నుసి రాలి, కింద గట్టి లోహం తగిలితే అది పై తుప్పు, దాన్ని ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. మొన లోపలికి దిగబడితే ఆ గొట్టం లోపలి నుంచి తినేసినట్లే. అలాంటి కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకుండా వెల్డర్ దగ్గరకు పంపాలి.

కాళ్ళకు తొడిగిన ప్లాస్టిక్ టోపీలను తప్పకుండా ఊడదీసి చూడాలి. నేల మీద గీతలు పడకుండా అవి మేలు చేస్తాయి గాని, ఒకసారి లోపలికి వెళ్ళిన నీటిని అవి బయటికి వదలవు. మా మిద్దె బల్ల కాలి టోపీ ఊడదీసినప్పుడు అందులోంచి చెంచాడు ఎర్రటి బురద వచ్చింది. పగిలిన టోపీలను మార్చండి, కొత్త వాటికి అడుగున చిన్న రంధ్రం పెట్టి తొడగండి. బోలు గొట్టాలతో చేసిన కుర్చీ అయితే, నీరు చేరే అత్యంత పల్లపు చోట, అడుగు వైపున, 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయించడం మంచిది.

కడగడం: ఏ నీటితో, ఎలా

సముద్రం నుంచి వచ్చే ఉప్పు తీరానికి దగ్గరలో అత్యధికంగా పడి, మొదటి కొన్ని వందల మీటర్లలోనే బాగా తగ్గిపోతుంది. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్, నీలాంకరై వంటి చోట్ల బీచికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నవారు, వాన లేని నెలల్లో వారానికొకసారి కడగాలని నా అభిప్రాయం. అశోక్ నగర్, అణ్ణా నగర్ వంటి లోపలి పేటల వారికి నెలకొకసారి సరిపోతుంది. సజ్జ కింద, లిఫ్ట్ గది పంచన ఉన్న సామానుకు ఆరుబయట ఉన్నదాని కంటే ఎక్కువసార్లు నీళ్ళు తగలాలి. మనమందరం చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం.

నీటి ఎంపికలోనే చాలామంది పొరబడతారు. తీరం వెంబడి అనేక వీధుల్లో బోరు నీరు నోట పోసుకోలేనంత ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగి ఎండలో ఆరబెడితే ఉప్పును తీసేసి మళ్ళీ ఉప్పునే పూసినట్లవుతుంది. వంటింటి ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని దాచి నేల తుడవడానికి వాడడం పొదుపరుల అలవాటు. అది మంచిదే గాని, వడపోతలో మిగిలిన ఉప్పంతా చేరేది ఆ నీటిలోనే కాబట్టి ఇనుము జోలికి దాన్ని రానివ్వకండి. మొదటి కడుగుకు మెట్రో నీరు, అంటే నగరపు కుళాయి నీరు చాలు. ఆఖరి తుడుపుకు ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఎంతో శ్రేష్ఠం. గాలిలోని తేమ చల్లబడి చుక్కలైనదే కనుక అందులో ఉప్పు దాదాపుగా ఉండదు. వేసవిలో ఒక్క రాత్రికే బకెట్టు నిండుతుంది. వాన నీటి సేకరణను తమిళనాడు ప్రభుత్వం 2003లో అన్ని భవనాలకూ తప్పనిసరి చేసింది కాబట్టి, మీ భవనంలో ఆ నీటిని సంపులోకి మళ్ళించి ఉంటే అదీ మంచిదే.

పద్ధతి ఇది. ఉదయం ఏడెనిమిది గంటల వేళ, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. ముందుగా ఉత్త నీళ్ళు పోసి ఇసుక, దుమ్ము కొట్టుకుపోనివ్వండి, లేకపోతే ఆ ఇసుకే రంగును గీరుతుంది. అర బకెట్టు నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు చెంచాలు కలిపి, మెత్తని స్పాంజితో తుడవండి. తీగల మెలికల్లోకి, వెల్డింగ్ సందుల్లోకి పాత టూత్‌బ్రష్ పోనివ్వండి. కాకి రెట్ట, పావురాల రెట్ట ఎండి ఉంటే గోకవద్దు, తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. తర్వాత కుర్చీని తిరగేసి అడుగును కూడా అంతే శ్రద్ధగా కడగండి. రెండుసార్లు మంచినీళ్ళు పోసి, పొడి గుడ్డతో ఒత్తి తుడిచి, నీడపట్టున గాలికి ఆరనివ్వండి. స్నానాల గది కడిగే ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను వాడకూడదు. అవి మరకలను తీసినట్లే కనిపిస్తాయి గాని, రెండూ క్లోరైడును వదిలిపోతాయి. కారు కడిగే ప్రెషర్ పంపు కూడా వద్దు. లేచిన రంగు అంచు కిందికి అది నీటిని తోసేస్తుంది.

మైనం

రంగు బాగున్న కుర్చీకి మూడు నెలలకొకసారి కారుకు పూసే మైనాన్ని పలుచగా పూయండి. మెత్తని గుడ్డతో రాసి, పొగమంచులా తెల్లబడ్డాక మరో గుడ్డతో రుద్దితే సరి. కొబ్బరినూనె, ఆముదం పూసేవారిని చూశాను. వారంలో జిడ్డుగట్టి, ఉప్పు కలిసిన దుమ్మును ఒంటినిండా అంటించుకుంటుంది.

తుప్పు పట్టిన చోటును బాగు చేయడం

దీనికి అనువైన కాలం జనవరి చివరి నుంచి మార్చి వరకు. చెన్నైలో ఏడాదికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అప్పుడు రంగు పని పెట్టుకోకూడదు. తమిళులు కత్తిరి అని, మనం కృత్తిక, రోహిణి కార్తెలని చెప్పుకునే మే ఎండల్లోనూ పెట్టుకోకూడదు. చేయి తాకలేనంతగా కాలిన ఇనుము మీద రంగు పరుచుకోకముందే పైపొర ఎండి, కుంచె చారలు, బుడగలు మిగులుతాయి.

కావలసిన సామాను: వైర్ బ్రష్, 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితం (శాండ్‌పేపర్), మినరల్ టర్పెంటైన్, ప్రైమర్, రంగు, అంగుళం కుంచెలు రెండు, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు. ప్యారీస్ కార్నర్ వెనక జార్జిటౌన్ వీధుల్లో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. అక్కడ "ఉప్పుత్తాళ్" అని అడిగితే చాలు. ఉప్పు మీద పోరుకు ఉప్పు కాగితమే ఆయుధం కావడం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది.

కుర్చీ పాతదైతే ముందు ఒక జాగ్రత్త పాటించాలి. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అటువంటి రంగును పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల చేతికీ నోటికీ చేరుతుంది. కాబట్టి నీళ్ళు చల్లుతూ తడిగానే రుద్దండి, కింద పాత దినపత్రికలు పరిచి ఆ మడ్డినంతా చుట్టి పారేయండి, పిల్లలను, గర్భిణులను ఆ దరికి రానివ్వకండి.

పని మొదలుపెట్టేముందు ఒకసారి సబ్బుతో కడిగి ఆరబెట్టండి. కడగకుండా రుద్దితే, పైన ఉన్న ఉప్పు గీతల్లోకి దిగుతుంది. తర్వాత వైర్ బ్రష్‌తో వదులు తుప్పును, లేచిన రంగును రాల్చండి. 80 నంబరు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, 120తో ఆ గరుకును తగ్గించి, గట్టిగా ఉన్న పాత రంగు అంచును 220తో మెట్టు లేకుండా వాలుగా చేయండి. వేలు పోనిచ్చినప్పుడు అంచు తగలకూడదు.

చాలామంది దాటవేసే మెట్టు ఆ తర్వాత వస్తుంది. మెరిసేలా రుద్దిన చోటును ఏసీ నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, తడి ఆరాక, ఆ రాత్రి గాలి తగిలే చోట అలాగే వదిలేయండి. తెల్లవారి చూసినప్పుడు లోహమంతా సమంగా కాస్త మసకబారి ఉంటే దిగులు లేదు. అలా కాక, గుంటలున్న చోట్ల మాత్రమే సూదిమొనలంత ముదురు చుక్కలు, ఒక్కొక్కటి తన చుట్టూ చిన్న తడి వలయంతో కనిపిస్తే, ఆ గుంటల్లో ఉప్పు ఇంకా మిగిలి ఉందని అర్థం. ఆ చుక్కల మీదే టూత్‌బ్రష్‌తో ఏసీ నీటిని పట్టించి, ఒత్తి తుడిచి, మళ్ళీ రుద్ది, మరో రాత్రి చూడాలి. మా బాల్కనీ కుర్చీకి ఇలా మూడు రాత్రులు పట్టింది. మొదటిసారి ఈ ఓపిక లేక పైనే రంగు వేయించినప్పుడు, ఏడాది తిరగకుండానే అవే పొక్కులు అవే చోట్ల లేచాయి.

చేయి దూరని మెలికల్లో తుప్పు పూర్తిగా పోదు. అక్కడ రస్ట్ కన్వర్టర్ అనే ద్రవాన్ని వాడవచ్చు. ఇందులో ఫాస్ఫారిక్ ఆమ్లం గాని, టానిక్ ఆమ్లం గాని ఉంటుంది. ఎర్రటి తుప్పుతో కలిసి నల్లని గట్టి పొరగా మారుతుంది. ఈ రసాయనం మనకు కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో ఊరబెట్టి, ఆ నీటితో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలవడమే అక్కడా జరిగేది. అయితే కన్వర్టర్ తుప్పును మారుస్తుందే గాని ఉప్పును తీసేయదు. పైన చెప్పిన కడుగుడికి అది బదులు కాదు. బోల్టులు, నట్ల వంటి చిన్న వస్తువులను చిక్కని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టినా తుప్పు వదులుతుంది. ఆ వెంటనే వంటసోడా నీళ్ళలో, తర్వాత మంచినీళ్ళలో కడిగి, తుడిచి ఎండబెట్టాలి.

ప్రైమర్, రంగు

ఉప్పు చుక్కలు ఇక కనిపించని ఉదయాన, రాత్రి పట్టిన మసకను ఉప్పు కాగితంతో రుద్ది తీసేయండి. ఆపై టర్పెంటైన్‌తో తుడిచి, అది ఆరిన గంటలోపు ప్రైమర్ పడాలి. ఇలా సిద్ధమైన ఇనుమును చెన్నై గాలికి వదిలేసి భోజనానికి వెళ్ళడం కూడా మంచిది కాదు. రోజులో మంచు తడి ఆరిన తర్వాత, అంటే తొమ్మిదిన్నర నుంచి, సాయంత్రం మూడు గంటల లోపు, నీడలో ఈ పని చేయండి. గాలి ఉక్కగా ఉండి, తుడిచిన ఇనుము మీద చేతికి చెమ్మ తగులుతుంటే ఆ రోజుకు ఆపేయడమే మేలు.

రెడాక్సైడ్ ప్రైమర్ చవకైనది, అందరికీ తెలిసినది, ఊరి లోపలి ఇళ్ళకు సరిపోయేది. అయితే అది నీటిని ఆపే పొర కాదు. పై రంగును పట్టి ఉంచడమే దాని ప్రధానమైన పని. వర్క్‌షాపుల్లో రెడాక్సైడ్ పూసి, "పై రంగు తర్వాత చూసుకోండి" అని సామానును ఇంటికి పంపే అలవాటు ఉంది. ఆ స్థితిలో నెల రోజులు బాల్కనీలో ఉంచితే ప్రైమర్ కిందే తుప్పు మొదలవుతుంది. ఆరిన మర్నాడే పై రంగు వేయాలి. బీచి దగ్గరి ఇళ్ళకు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, అందునా జింకు పాళ్ళు ఎక్కువగా ఉన్నది, ఎంతో మేలు. ఎపాక్సీ ఎండకు పొడిపొడిగా రాలుతుంది కాబట్టి దాని మీద పాలియురెథేన్ రంగు తప్పనిసరి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ ఏటేటా చేసే చాకిరీతో పోలిస్తే నేను దీనికే ఓటు వేస్తాను.

కుంచె పట్టగానే పెద్ద భాగాల జోలికి పోవద్దు. మొదట అన్ని అంచులకు, అన్ని వెల్డింగ్ అతుకులకు, బోల్టు తలలకు మాత్రమే ఒక చేయి వేసి, ఆరాక మొత్తం మీద వేయండి. పలుచబడే చోట రెట్టింపు పొర పడుతుంది. కుర్చీని తలకిందులుగా పెట్టి అడుగుతో మొదలుపెడితే, ఓపిక తగ్గేసరికి కంటికి కనిపించే భాగం మిగులుతుంది. కనిపించే భాగాన్ని ఎవరూ సగంలో వదలరు. చిక్కటి ఒక పొర కంటే పలుచని రెండు పొరలు మేలు. ఎనామిల్ అయితే రెండింటి మధ్య ఒక రాత్రి గడవనిచ్చి, 220 కాగితంతో తేలికగా రుద్ది తుడవండి. తాకితే అంటకపోయినా, రంగు పూర్తిగా గట్టిపడడానికి వారం పడుతుంది. అప్పటిదాకా దిండ్లు, పూలకుండీలు దాని మీద పెట్టకండి.

తుప్పు సగానికి పైగా పాకి ఉంటే ఇంటి పని వదిలేసి, అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడల్లోని పౌడర్ కోటింగ్ వారికి ఇవ్వడం మంచిది. పొడి రంగును పట్టించి సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. అడగవలసినది ఒక్కటే: రంగుకు ముందు ఇసుక పిచికారీతో గాని, ఆమ్లపు తొట్లలో గాని తుప్పు తీసి ఫాస్ఫేట్ అనే రసాయనపు పూత పట్టిస్తారా, లేదా? సమాధానం తడబడితే మరో చోటు చూసుకోండి. కొత్తగా చేయిస్తున్నవారైతే, సముద్రానికి ఎదురుగా ఇల్లున్నప్పుడు, వెల్డింగ్ పూర్తయ్యాక కరిగిన జింకులో ముంచి తీసే గాల్వనైజింగ్ చేయించి, ఆపై పౌడర్ కోటింగ్ చేయించండి. అందుకు బోలు గొట్టాలకు గాలి పోయే రంధ్రాలు ముందే వేసి ఉండాలి. మూసుకుపోయిన గొట్టం 450 డిగ్రీల జింకులో పేలుతుంది.

వానాకాలం, తుపాను రోజులు

దీపావళికి ముందే ఒకసారి కడిగి, మైనం పట్టించి, దిండ్లను లోపల పెట్టేయండి. తడిసిన దిండు రోజుల తరబడి కుర్చీకి పట్టీ వేసినట్టు తడిని అంటిపెట్టుకుని ఉంటుంది. ప్లాస్టిక్ పట్టాను నేలదాకా కప్పి తాడుతో బిగించడం కూడా అటువంటిదే. నేల నుంచి లేచే ఆవిరి లోపలే చల్లబడి ఇనుము మీద చుక్కలు కడుతుంది. కప్పదలిస్తే అడుగున జానెడు ఖాళీ వదలండి. మిద్దె మీద నీరు నిలిచే పల్లంలో కాళ్ళు ఉండకుండా జరపండి.

తుపాను హెచ్చరిక వస్తే బరువైన సామానని నమ్మి మిద్దె మీద వదలకండి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైని తాకిన రోజున మహావృక్షాలే కూలిపోయాయి. కుర్చీలను లోపలికి చేర్చండి, మోయలేని బల్లను తిరగేసి పిట్టగోడకు ఆనించి కట్టండి. తుపాను గాలి సముద్రపు తుంపరను ఊరి లోపలికీ విసురుతుంది కాబట్టి, వాన తెరిపి ఇచ్చిన మొదటి ఉదయమే కుర్చీలను, సజ్జ కింద ఉన్నవాటితో సహా, మంచినీళ్ళతో కడగాలి. రంగు లేచిన చోటు కనిపిస్తే ఎండ కోసం ఆగకుండా, తుడిచి ఆరబెట్టి, కాస్త గ్రీజు రాసి ఉంచండి. జనవరిలో దాన్ని టర్పెంటైన్‌తో తుడిచేసి రంగు వేసుకోవచ్చు. ఆ పనికి అప్పుడు వెతుక్కోనవసరం లేకుండా, మిగిలిన రంగును బిగుతు మూత ఉన్న చిన్న గాజుసీసాలో అంచు దాకా నింపి, షేడ్ నంబరు, తేదీ రాసిన చీటీ అంటించి, వంటింటి గట్టుకు దూరంగా, పిల్లలకు అందని అలమరలో పెట్టుకోండి.